ఏ వెంచర్ సార్?

బ్యాంకాక్‌లో నాలుగు రోజులు తిరిగి 1,100 ఫోటోలు తీశాను. ఒక్కరంటే ఒక్కరు నన్ను ఏమీ అడగలేదు. మేడ్చల్, శామీర్‌పేటల్లో ఒక్క రోజు తిరిగి 37 తీశాను. ఆరుగురు ఆపారు. అందులో నలుగురిది ఒకటే ప్రశ్న: “ఏ వెంచర్ సార్?”

వెంచర్ అంటే మా వైపు ప్లాట్లు చేసి అమ్మే లేఅవుట్. మెడలో కెమెరా వేసుకుని మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన నిలబడ్డవాడు భూమి అమ్మడానికో, కొనడానికో, కొలవడానికో వచ్చి ఉండాలి. నాలుగో కారణం ఆ రోడ్డు మీద ఎవరికీ తట్టదు. “ఊరికే తీస్తున్నానండీ, సరదాకి” అంటే నమ్మలేదు సరికదా, ఇంకాస్త అనుమానంగా చూశారు. సరదాకైతే ఇక్కడికెందుకొస్తారు ఎవరైనా?

ముందు బ్యాంకాక్ సంగతి చెప్పాలి, ఈ గొడవంతా అక్కడే మొదలైంది కాబట్టి. చైనా టౌన్ పక్కన, నది ఒడ్డున తలాత్ నోయ్ అని ఓ పాతపేట ఉంది. పాత ఇంజన్లు విప్పి, భాగాలు గుట్టలుగా పోసి అమ్మే దుకాణాలు. సన్నటి సందులు, గ్రీజు వాసన. ఆ సందుల్లోనే తుప్పు పట్టిపోయిన చిన్న ఫియట్ కారు ఒకటుంది, దాని ముందు నిలబడి ఫోటో దిగడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నేనూ వరసలో నిలబడ్డా. ఏప్రిల్ ఎండకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అయినా కళ్లకి పండగే. నూనె మరకల మీద వెలుతురు, స్పేర్ పార్టుల గుట్ట మీద నిద్రపోతున్న పిల్లి, బనీను మీద కూర్చుని గేర్లు తుడుస్తున్న ముసలాయన. ఆయన్ని పదకొండు సార్లు తీశా. ఆయన తలెత్తలేదు. తలెత్తకపోవడం నాకు అప్పుడు అదృష్టంగా అనిపించింది, ఫోటో చెడిపోలేదని.

తిరిగొచ్చాక ఆ ఫోటోలు ఓ స్నేహితుడికి పంపితే వాడి మెసేజ్ ఇదీ: “ఇదేంది, మన కొంపల్లి దాటినంక లారీ షెడ్డు లెక్క ఉంది?”

నవ్వొచ్చింది గానీ నవ్వి ఊరుకోలేకపోయా. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ పోయే 229 బస్సులో ఎన్ని వందల సార్లు ఎక్కి దిగానో లెక్క లేదు. ఆ కిటికీలోంచి అవే ఇంజన్లు, అదే గ్రీజు, అవే బనీన్లు చూశాను. ఒక్కసారి కూడా జేబులోంచి ఫోన్ తీయలేదు. అక్కడి గ్రీజు ‘టెక్స్‌చర్’. ఇక్కడి గ్రీజు మురికి. ఈ తేడా గ్రీజులో లేదు కదా.

ట్రావెల్ ఫోటోగ్రఫీని ఒక సాహిత్య ప్రక్రియలా చదవొచ్చు. దానికి గణాలున్నాయి, యతిస్థానాలున్నాయి. మనిషి పనిలో ఉండాలి గానీ ఆ పనికి ఎంతొస్తుందో ఫ్రేములో తెలియకూడదు. గోడ పాతదై ఉండాలి, దాని మీద ‘టు లెట్’ బోర్డు ఉండకూడదు. ముసలివాళ్లకి ముడతలుండాలి, పిల్లలకి నవ్వుండాలి. మధ్య వయసు మగవాళ్లు, అంటే ఫోన్లో ఈఎంఐ గురించి మాట్లాడుకుంటూ నిలబడేవాళ్లు, ఆ ఫోటోల్లో దాదాపు కనిపించరు. ప్లాస్టిక్ కుర్చీ కనిపిస్తే జరగమంటాం. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, తీసినవాడు మళ్లీ రాకూడదు. వస్తే అది ట్రావెల్ కాదు, రాకపోక అవుతుంది.

ఈ వ్యాకరణానికి చిన్నయసూరి స్టీవ్ మెక్‌కరీ. 2016లో టేజు కోల్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో ఆయన భారతదేశపు ఫోటోల మీద ఒక వ్యాసం రాశాడు. లోపమన్నదే లేకపోవడం ఆ ఫోటోల లోపమన్నది దాని సారాంశం. అదే ఏడాది ఇటలీలో ప్రదర్శనకి పెట్టిన మెక్‌కరీ క్యూబా ఫోటోలో ఒక స్తంభం దగ్గర అతుకు కనిపించింది. తవ్వితే ఇంకొన్ని అతుకులు బయటపడ్డాయి, చాలా అల్లరైంది. నాకు మాత్రం ఆ అతుకులు పెద్ద నేరంగా తోచలేదు. అడ్డంగా ఉన్నదాన్ని ఫోటోషాప్‌లో తీసేయడానికీ, తీసేటప్పుడే రెండడుగులు పక్కకి జరిగి దాన్ని తప్పించడానికీ ఎంత తేడా? రెండో పని మనందరం చేసేదే. నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకో లెక్క. 1984లో పాకిస్తాన్‌లో శరణార్థుల శిబిరంలో ఆయన తీసిన అఫ్ఘాన్ పిల్ల ఫోటో 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. ఆ పిల్ల పేరు షర్బత్ గులా అని వాళ్లకి తెలిసింది 2002లో, వెతుక్కుంటూ వెళ్తే. పదిహేడేళ్ల పాటు ప్రపంచమంతా గుర్తుపట్టిన ముఖానికి పేరు లేదు. ఫోటోకి ఆ పేరు అవసరం పడలేదు కూడా.

టేజు కోల్ ఆ వ్యాసంలో మెక్‌కరీకి ఎదురుగా నిలబెట్టింది రఘుబీర్ సింగ్‌ని. నేనూ ఆయన వైపే. జైపూర్‌లో 1942లో పుట్టాడు, 1999లో పోయాడు. నలుపు తెలుపులోనే కళ ఉందని లోకం నమ్ముతున్న రోజుల్లో రంగుల్లోనే తీస్తానని మొండికేశాడు. ఆయన పోయాక 2002లో వచ్చిన ‘ఎ వే ఇంటు ఇండియా’ అనే పుస్తకంలో దేశమంతా అంబాసిడర్ కారు చుట్టూ తిరుగుతుంది. కారు తలుపు ఫ్రేముని రెండుగా కోస్తుంది. అద్దంలో వెనక రోడ్డు, ముందు అద్దంలోంచి ఎదర రోడ్డు, మధ్యలో ఎవరో మనిషి సగం. మామూలుగా మనం కత్తిరించి పారేసేదంతా, అంటే కిటికీ అంచు, డోరు, అద్దం, ఆయన మధ్యలోనే ఉంచేశాడు. అందంగా ఉంటాయని కాదు నాకు ఆ ఫోటోలు నచ్చేది. తీసినవాడు ఎక్కడ కూర్చున్నాడో దాచవు. నేను కార్లో ఉన్నాను, మీరు రోడ్డు మీదున్నారు, మన మధ్య ఈ రేకు తలుపుంది, అని ప్రతి ఫోటో ఒప్పుకుంటుంది.

ఇంతా చదివి, ఒకసారి పరీక్ష పెట్టుకుందామనుకున్నా. అదే కెమెరా, అదే 35 ఎంఎం లెన్సు, ఇంకో ఏప్రిల్. బ్యాంకాక్‌లో ఎలా తిరిగానో అలాగే తిరగాలి. ఊరు మాత్రం మేడ్చల్.

మేడ్చల్ ఇప్పుడు ఏమిటో చెప్పడం కష్టం. 2016 అక్టోబరు నుంచి జిల్లా పేరులో సగం దానిదే, మేడ్చల్–మల్కాజిగిరి. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి దాన్ని ఆనుకునే పోతుంది. 2023 నుంచి ఎంఎంటీఎస్ కూడా వచ్చింది. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆరో ఎగ్జిట్ మేడ్చల్, ఏడోది శామీర్‌పేట. ఇలా దార్లతో చెప్పాల్సిందే తప్ప ఇదీ ఆ ఊరి ముఖం అని చూపించడానికి చార్మినార్‌లాంటిదేమీ లేదు. పల్లె అందామంటే పల్లె కాదు. తెలంగాణ పల్లెని భరత్ భూషణ్ చూసినట్టు చూసినవాళ్లు తక్కువ. ఆ తలుపులు, ఆ బతుకమ్మలు, పనిలో ఉన్న ఆ ఆడవాళ్లు. 2022 జనవరిలో ఆయన పోయినప్పుడు ఆ ఫోటోలే మళ్లీ మళ్లీ చూశాం. కానీ ఆ కళ్లతో మేడ్చల్‌ని చూస్తే పోయినదే కనిపిస్తుంది, ఉన్నది కనిపించదు. మరి ఉన్నదాన్ని ఏ కళ్లతో చూడాలి?

పన్నెండున్నరకి బస్సు దిగాను. ఫోటోలు నేర్పేవాళ్లెవరైనా ముందు చెప్పేది, ఆ టైములో తీయొద్దనే. వెలుతురు నెత్తి మీద నుంచి పడుతుంది, కళ్ల కింద నీడలొస్తాయి, రంగులు పాలిపోతాయి. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరు, ఇవి బంగారు వేళలు. నేనూ ఇన్నేళ్లు గుడ్డిగా పాటించా. ఆ రోజు బస్టాండు బయట గంటసేపు నిలబడ్డాక గాని అర్థం కాలేదు, ఈ నియమం వెలుతురు గురించి మాత్రమే కాదని. మేడ్చల్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం నీడ దొరికినవాళ్లందరూ నీడలోకి పోతారు. రోడ్డు మీద మిగిలేది పోలేనివాళ్లు. షేర్ ఆటో నిండేదాకా కదలని డ్రైవరు. తడి గోనెపట్టా కింద దోసకాయలు పెట్టుకుని కూర్చున్నామె. ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి వస్తున్న ఒడియా పిల్లలు, మెడలో ఐడీ కార్డు తాడు. ఆ వేళ తీయకూడదని నేర్చుకోవడమంటే వీళ్లని తీయకూడదని నేర్చుకోవడమే. బంగారు వేళలో వీళ్లు ఏ గదిలోనో అన్నం వండుకుంటూ ఉంటారు.

ఫోటోలు బాగా రాలేదు, ఇది ఒప్పుకోవాలి. ఒడియా కుర్రాళ్ల ఫోటోలో ఇద్దరి ముఖాలు కనిపించనంత నల్లగా వచ్చాయి. దోసకాయలామె నన్ను చూసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను దించేశాను. బ్యాంకాక్‌లో ఐతే ఆ కొంగు అడ్డమే మంచి ఫోటో అనుకుని ఉందును. ఇక్కడ ఆమె భాష నాకు తెలుసు, అదీ చిక్కు. కొంగు అడ్డం పెట్టుకుని ఆమె పక్కామెతో అన్నది నాకు వినిపించింది, అర్థమైంది. అది ఇక్కడ రాయను.

అక్కడి నుంచి శామీర్‌పేట. ఇక్కడ సమస్య తలకిందులు. మేడ్చల్‌ని ఎవరూ తీయరు, శామీర్‌పేట చెరువుని అందరూ తీస్తారు. ఆదివారం తెల్లారేసరికి రాజీవ్ రహదారి పక్కన బైకులు, ట్రైపాడ్లు. నగరానికి అంత దగ్గర్లో అంత నీళ్లు, ఆకాశం. ఫోటోలన్నీ ఒకే ఫోటో: పొగమంచు, పక్షి, నీడలా ఓ మనిషి వల విసురుతూ. నా దగ్గరా అలాంటిది ఒకటుంది, ఒకప్పుడు గోడకి కూడా పెట్టుకున్నా. అందులో వల ఉంది, చేప లేదు. చేప ధర అసలే లేదు. కట్ట మీద పారేసిన బీరు సీసాలు ఫ్రేముకి రెండు వేళ్ల కింద ఆగిపోయాయి. చూసేవాళ్లు దీన్ని కేరళా అని అడిగితే సంతోషపడ్డవాణ్ని నేను. ఇంటి పక్క చెరువుని ఇంకెక్కడిదో అనిపించేలా తీయడం గొప్పనుకున్నా.

వారాంతపు ఫోటోగ్రాఫర్లని ఇక్కడితో వదిలేస్తా. వాళ్లని తిట్టడం తేలిక, పైగా నేను అందులోవాణ్నే. ఈ ప్రాంతానికి అసలు ఆస్థాన చిత్రకారుడు వేరే ఉన్నాడు, డ్రోను. యూట్యూబ్‌లో శామీర్‌పేట అని కొట్టి చూడండి. ఆకాశంలోంచి నేల, నేల మీద తెల్లగీతల గళ్లు, ఒక బాణం గుర్తు అవుటర్‌కి ఐదు నిమిషాలంటుంది, ఇంకో బాణం జీనోమ్ వ్యాలీకి పది నిమిషాలంటుంది. వెనక ఉత్సాహంగా ఓ గొంతు. అందులో మనుషులుండరు. ఉంటే చీమలంత. నాకు దిగులేసేదేంటంటే, పొగమంచు ఫోటోకీ డ్రోను వీడియోకీ చుట్టరికం ఉంది. రెండూ నేల మీది మనిషిని దాటేసి చూస్తాయి. మొదటిది కరిగించి దాటేస్తుంది, రెండోది పైకెగిరి. ఒకదాని పక్కన ఒకటి పెడితే రెండూ ఒకే కరపత్రానికి అటూ ఇటూ. ‘లేక్ వ్యూ’ అనే మాట అమ్ముడుపోవాలంటే ముందు ఎవరో ఒకరు లేక్‌ని అంతందంగా తీసి ఉండాలి కదా.

అందుకే “ఏ వెంచర్ సార్?” అన్నది వెటకారం కాదు, అమాయకత్వం అసలే కాదు. ఈ రోడ్డు మీద కెమెరా ఎందుకొస్తుందో చూసి చూసి తేలిన విషయం. అసలు మన ప్రాంతంలో కెమెరా మొదట్నుంచీ ఏదో ఒక దఫ్తరు వెంటే వచ్చింది. రాజా దీన్ దయాళ్ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. వేటలు, విందులు, రాజభవనాలు అద్భుతంగా తీశాడు. కరువు కాలంలో సర్కారు చేపట్టిన సహాయ పనుల్నీ తీశాడు. ఆ కరువు ఫోటోల్లో మనుషులు వరసలు వరసలుగా కూర్చుని ఉంటారు, లెక్కపెట్టడానికి వీలుగా. దీన్ దయాళ్ కళని తక్కువ చేయడం లేదు. ఆ వరసలో కూర్చున్నవాళ్లకి కెమెరా అంటే ఏమిటో ఆలోచిస్తున్నా. పేరు రాసుకునేవాడి పక్కన నిలబడే ఇంకో మనిషి.

ఇప్పుడూ అంతే. 2024 జులైలో హైడ్రా వచ్చాక చెరువు చుట్టుపక్కల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అన్న మాటలు చదువురానివాళ్లకీ నోటికొచ్చేశాయి. చెరువులు బతకాలనే నేనూ అంటాను. కానీ చెరువు ఫోటో ఇప్పుడు పక్షుల ఫోటో మాత్రమే కాదు, సాక్ష్యం కూడా. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, గోడ ఎక్కడుందో, ఏ తేదీన ఉందో. ఇంకోపక్క అదే ఏడాది మార్చిలో రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి శంకుస్థాపన జరిగింది. రోడ్డు వెడల్పు అనగానే రోడ్డు పక్కన డబ్బా పెట్టుకున్నవాళ్ల గుండె జారుతుంది. ఇవన్నీ తెలిసీ నేను కెమెరా ఎత్తి “సరదాకి” అన్నాను. ఆ మాట ఎంత తెలివితక్కువగా వినిపించి ఉంటుందో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది.

ఈ రోజుల్లోనే ‘కాశీయాత్ర చరిత్ర’ మళ్లీ తిరగేశా. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి, హైదరాబాదు మీదుగా, నిర్మల్, నాగపూర్ దారిన కాశీ పోయాడు. అంటే ఈ ఉత్తరపు దారినే, నేను 229లో పోయే దారినే. ఆ పుస్తకం అచ్చయింది 1838లో. ఫోటోగ్రఫీ కనిపెట్టామని పారిస్‌లో ప్రకటించింది 1839లో. ఒక్క ఏడాది తేడా. కెమెరా లేని ఆ యాత్రికుడు ప్రతి మజిలీలో ఏం చూశాడు? బావి ఉందా, నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి చోటుందా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, దారి ఎలాంటిది. చదవడానికి ఒక్కోచోట విసుగ్గా ఉంటుంది, నిజమే, జాబితాలా సాగుతుంది. కానీ ఆ చూపు తన తర్వాత ఆ దారిన రాబోయేవాళ్ల కోసం. మన తెలుగులో ప్రయాణపు చూపు అలా మొదలైంది. అది తుప్పు పట్టిన ఫియట్ దగ్గర వరసలో నిలబడేదాకా ఎలా వచ్చిందో నాకు అంతుపట్టదు. ఆయన్ని మరీ నెత్తినెక్కించుకోనక్కర్లేదు. బోయీలు పల్లకీ మోస్తుంటే ఊళ్లు చూసిన ఉద్యోగి ఆయన. ఐతే రఘుబీర్ సింగ్ అంబాసిడర్ తలుపులాగే, ఆ బోయీలు పుస్తకంలోంచి మాయమైపోరు.

ఇక ఆ రోజు ఆరో మనిషి. చెరువు దాటాక రహదారి పక్కన మక్క కంకులు కాల్చి అమ్మే ఒకామె. అరవై దాటి ఉంటాయి. రేకు డబ్బా, మీద చేత్తో రాసిన బోర్డు, పక్కన కరెంటు స్తంభం. నాలుగున్నరైంది, ఎండ ఇంకా తగ్గలేదు. నేను కెమెరా ఎత్తకముందే పిలిచింది.

“ఏం బిడ్డా, ఏ వెంచర్?”

“వెంచర్ కాదమ్మా. ఊరికే.”

“మొన్న గూడ ఒకాయన ఊరికెనే అన్నడు. అని, ఫోటోలు కొట్టుకుని, రాసుకోని పోయిండు.”

ఏం చెప్పాలో తోచక ఓ కంకి ఇమ్మన్నా. నిప్పుల మీద తిప్పుతూ కాసేపు ఆలోచించి, “మరి నాది గూడ ఒకటి తియ్యి” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నిప్పులు, పొగ, ముడతల చేతులు! పక్కకి జరిగి మోకాలి మీద కూర్చున్నా, పొగ వెనక ముఖం వచ్చేలా.

“ఆడ గాదు. ఎనకకు పో. డబ్బా మొత్తం రావాలె. బోర్డు రావాలె. గా స్తంభం మీద నంబరున్నది సూడు, గది గూడ రావాలె.”

వెనక్కి వెళ్లా. స్తంభం సరిగ్గా ఫ్రేము మధ్యలోకి వచ్చింది. నవ్వమన్నా. “నవ్వుడు దేనికి?” అని చేతులు రెండూ కిందికి వదిలేసి, డబ్బా ముందు నిటారుగా నిలబడింది, పాస్‌పోర్టు ఫోటోకి నిలబడ్డట్టు.

“తారీఖు పడ్తదా దాని మీద?”

ఫోటో మూలన తేదీ పడే సెట్టింగు నేను కెమెరా కొన్న రోజే తీసేశా, అందం చెడిపోతుందని. మెనూలో అది ఎక్కడుందో వెతుక్కోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఈలోగా ముగ్గురు కంకులు కొనుక్కుని పోయారు. తీశాను. ఆకాశం తెల్లగా కాలిపోయింది, స్తంభం ఆమెకీ డబ్బాకీ మధ్య అడ్డంగా నిలబడింది, మూలన నారింజరంగు అంకెలు. అక్కడే ఫోన్లోకి ఎక్కించి, ఆమె మనవడి నంబరుకి వాట్సాప్ చేశా.

రాత్రి తొమ్మిదింటికి తిరుగు మెసేజ్, వాయిస్‌లో. ఆమె గొంతే.

“బిడ్డా, తారీఖు మంచిగ పడ్డది. స్తంభం నంబరు సరిగ్గ కనపడ్తలేదట. మల్ల ఎప్పుడొస్తవ్?”

ఆదివారం వస్తానని చెప్పా.